రెండు బ్రేకుల బండి

దేవరయాంజాల్,
జూన్ 10, సోమవారం.

తమ్ముడు పరమేశ్‌కు,

నిన్నటి పొద్దు గురించి రాస్తున్నాను. విశేషమేమీ లేని పొద్దు. దీపం పెట్టి, వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గు వేసేసరికి నీ స్కూటర్ చప్పుడైంది. వెనక నుంచి బిందు నిద్రమొహంతో దిగి, "అత్తమ్మా, చాయ్," అంది. నువ్వు చాయ్ నిలబడే తాగావు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. ఫోన్లో ట్రాక్టర్ల బొమ్మలు. "అక్కా, గీ ఎర్రది సూడు. మేడ్చల్‌ల ఉన్నదట. సెకండ్ హ్యాండ్ అంటే ఎవ్వడు నమ్మడు," అన్నావు. పక్క చెలక పర్వతాలు సూరారం మార్కెట్‌కు పోయే ఆకుకూరల గంపలు తన ఆటోలో సర్దుతున్నాడు. నేను తోటకూర కట్టలు కడుతున్నాను. పాలకూర మడికి నీళ్ళు పెడతానని నువ్వు బోరు దాకా నడిచావు. కంచెకని కొట్టి పెట్టిన తుమ్మకంప దాటి వెళ్ళి, మోటరు వేసి, మళ్ళీ అదే దారిన వచ్చావు.

నీ ఎడమ కాలికి చెప్పు ఉంది. కుడి కాలికి లేదు.

అది బోరు గట్టు మీదే జారిపోయింది. నువ్వు వట్టికాలితో కంప మీద నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, బిందుతో నవ్వుతూ మాట్లాడావు. అరికాల్లో ముల్లు విరిగి ఉంది. నాకు కనబడింది. నీకు తెలియలేదు. "బాపూ, ఇంకో చెప్పు యాడ పారేసుకున్నవ్?" అని బిందు నవ్వితే అప్పుడు కిందికి చూసుకున్నావు. "ఉక్కపోస్తాందని ఇడ్సిన," అన్నావు.

అక్కడే అడగొచ్చు కదా అంటావు. అక్కడ బిందు ఉంది. ఫోన్ చేస్తే మీ ఇంట్లో సరళ ఎత్తి స్పీకర్లో పెడుతుంది. అందుకే కాగితం. పర్వతాలు చేతికిచ్చి పంపుతున్నాను.

ముల్లు తీయించుకున్నావా? గుచ్చుకున్నప్పుడు నొప్పి తెలిసిందా, లేదా? ఈ ఒక్కదానికి జవాబు రాయి. ట్రాక్టర్ సంగతి ఆ తర్వాత.

అక్క వజ్రమ్మ


సూరారం,
జూన్ 14.

అక్కా,

మార్కెట్‌లో కొత్తిమీర కట్టల కింద నుంచి పర్వతాలు నీ కాగితం తీసిస్తుంటే పక్క దుకాణం దుర్గాబాయి, "ఏందన్నా, లవ్ లెటరా?" అని మస్తు నవ్వింది. "మా అక్క రాసింది," అంటే ఇంకా నవ్వింది.

ముల్లు తీసేశాను. చిన్నది. ఇరవై రెండేళ్ళుగా ఫ్యాక్టరీ సిమెంటు మీద నిలబడ్డ కాళ్ళు, తోలు గట్టిపడింది, అంతే. శివరాత్రి తెల్లారి మల్లన్న గుడి ముందు అగ్నిగుండం తొక్కినవాడికి తుమ్మముల్లు ఒక లెక్కనా? ఇరవై మంది ఉరుక్కుంటూ దాటారు. నేను ఒక్కణ్ణే నడిచాను. "మా తమ్ముని కాలు మల్లన్న తన చేతిల పట్టుకున్నడు," అని ఊరంతా చెప్పింది నువ్వే కదా. ఇప్పుడు ముల్లుకు భయపడుతున్నావు.

ట్రాక్టర్ గురించి చెప్తాను, విను. నాయిన వదిలిన ఈ రెండెకరాలకు నాకున్నది వారానికి ఒక్కరోజు. ఆ ఒక్కరోజే శామీర్‌పేట చుట్టూ ఫామ్‌హౌస్‌ల వాళ్ళంతా దిగుతారు. అద్దె ట్రాక్టర్లన్నీ వాళ్ళ దగ్గరే. పోయినేడు నాలుగు ఆదివారాలు బతిమాలినా ఒక్కడు రాలేదు. వాన పడి నేల పదునెక్కింది, మళ్ళీ ఎండి రాయిలాగా అయింది, మనం చూస్తూ కూర్చున్నాం. నువ్వు పారతో రెండు మడులు తవ్వావు. అది నా మనసులోంచి పోలేదు. పాతదైనా సరే, మనదంటూ ఒక బండి ఉండాలి.

ఎర్రది నలభై గుర్రాల లోపు. మన చెలకకు అంతకన్నా పెద్దది అక్కర్లేదు. అమ్మేవాడు బాలరాజు. ఈ ఆదివారం వీలు కాదు, పైవారం నువ్వూ రా. పసుపు కుంకుమ తెచ్చుకో.

పరమేశ్


దేవరయాంజాల్,
జూన్ 24.

పరమేశ్,

నిన్న మేడ్చల్‌లో నేను నోరు తెరిచింది ఒక్కసారి. దానికే ఇంటిదాకా మాట్లాడలేదు నువ్వు.

పొద్దున ఆరున్నరకే చేరాం. బాలరాజు షెడ్డు తాళం అప్పుడే తీస్తున్నట్టు తీశాడు. "రా అన్నా, నిన్నటి సంది ముట్టుకోలే. ఒక్క సెల్ఫ్‌కే లేస్తది సూడు," అన్నాడు. నువ్వు టైర్ల గీతలు చూస్తున్నావు. నేను బొట్టు పెట్టే ముందు దండం పెట్టుకుందామని బానెట్ మీద చెయ్యి వేశాను.

"ఇది వెచ్చగున్నది," అన్నాను.

"ఎండకక్కా."

"ఎండ ఇంక గోడ దిగలే బిడ్డా."

మన వెంట వచ్చిన పర్వతాలు ఊరుకుంటాడా? "మా అక్క జరం సూసే చెయ్యి. ఆమెతోని పెట్టుకోకు," అన్నాడు. చల్లటి ఇంజన్ లేవకపోతే కొనేవాళ్ళు రాకముందే నడిపి వేడి చేసి పెడతారని దారిలో పర్వతాలే చెప్పాడు. నీకు ఇది తెలియకనా? ఆశ పడ్డావు, అందుకే మర్చిపోయావు.

బండిలో తప్పు దొరికినందుకు నాకు బాధ కలగలేదు. సంతోషమే కలిగింది. ఎందుకో కూడా రాస్తాను. సీటెక్కాక నువ్వు బ్రేక్ కోసం కిందికి చూశావు. ఒకసారి కాదు. కాలు పెట్టిన ప్రతిసారి, పెట్టానా లేదా అని కళ్ళతో చూసుకున్నావు. నీకు ఇరవై ఏళ్ళప్పుడు ఊళ్ళో వాళ్ళ ట్రాక్టర్లు తోలావు. అప్పుడు కిందికి చూడటం నేనెరుగను. వెనక్కి తిరిగి నాగళ్ళనే చూసేవాడివి.

ఇంకా వేరే బండ్లు చూడొద్దు. ముందు డాక్టర్ దగ్గరికి పోదాం. నేను వస్తాను.

అక్క


సూరారం,
జూలై 12.

అక్కా,

పద్దెనిమిది రోజులు జవాబు రాయలేదు. రాస్తే తిట్టేలా ఉన్నాను కాబట్టి రాయలేదు.

ఎర్రదానికి బానెట్ వేడి అన్నావు. సరే, అది నిజం. తర్వాత ఆదివారం వచ్చి చెప్తే, నేను దుండిగల్ దగ్గర చూసినదానికి కాగితాలు సరిగ్గా లేవన్నావు. కొంపల్లిలో చూసినదానికి, కడిగి రంగు వేసిన బండిని నమ్మొద్దన్నావు. నేను చూసినదల్లా నీకు వంకే. నా చక్రం ఆ నేల మీద తిరగడం నీకిష్టం లేదా? బావ పోయినంక నువ్వు అక్కడ ఉంటున్నావు, నేను కాదనలేదు. ప్లాట్ల వాళ్ళు వచ్చి నీతో మాట్లాడి పోయారని విన్నాను. అదే మనసులో ఉంటే మొహం మీద చెప్పు.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. ఏప్రిల్‌లో నన్ను ప్రెస్ మిషన్ మీద నుంచి తీసేశారు. రేకు పెట్టి కాలితో పెడల్ తొక్కే పని. నా కాలు ఆలస్యంగా పడుతున్నదట. రెండుసార్లు ఎత్తాల్సినప్పుడు ఎత్తలేదట. ఎదుటివాడి వేలు కొద్దిలో తప్పింది. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని వచ్చే బండ్ల నంబర్లు రాస్తున్నాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు, "నమస్తే అన్నా, రాసుకో," అని నవ్వుకుంటూ పోతున్నారు. ఈ గేటు కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదు. అందుకే ట్రాక్టర్. ఇప్పటికి ఆదివారాలు మన పొలంలో, రేపు ఈ పని పోతే రోజూ పదిమంది పొలాల్లో. ఇది నాకు షోకు కాదక్కా.

గండిమైసమ్మ దగ్గర దొరికింది. నీలం బండి. ఈదమ్మ అని ఒకామె, మొగుడు పోయి ఏడాది. ఆమే స్వయంగా నిలబడి చూపించింది. "ముట్టుకోని సూడు తమ్మీ. మాయన పోయినంక దీన్ని పొద్దుగాల్ల లేపేటోళ్ళే లేరు," అంది. నీళ్ళకుండలా చల్లగా ఉంది. ఒక్క తిప్పుకే లేచింది. నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూశాను, పొగ లేదు. కాగితాలు ఆమె పేరునే ఉన్నాయి. పోయేముందు ఆమె ఒక్కటే చెప్పింది: "రెండు బ్రేకులు ఇడివిడిగుంటయి. చెలకల మలపనీకి ఒక్కటి తొక్కుతరు. రోడ్డెక్కితే రెండింటికి కలిపి గొళ్ళెం పెట్టాలె, లేకుంటే ఒక్క పక్కకు గుంజుతది. మాయన మర్సిపోతుండె. నేనే యాద్‌జేస్తుంటి."

ఈ బండికి వంక పెట్టలేవు. పై ఆదివారం పొద్దున తీసుకొస్తున్నాను. బిందు మడ్‌గార్డ్ మీద కూర్చుని వస్తానంటున్నది. మైసమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి బయలుదేరుతాం. నువ్వు హారతి పళ్ళెంతో ఎదురురా. రాకపోయినా బండి ఆగదు.

పరమేశ్


దేవరయాంజాల్,
జూలై 17, బుధవారం.

పరమేశ్,

ప్లాట్ల వాళ్ళు వచ్చారు. మంచినీళ్ళిచ్చి పంపేశాను. ఆ మాట ఇక్కడితో ఆపు.

ఈదమ్మ బండి మంచిదే. దానికి వంక పెట్టను. దుండిగల్ కాగితాలు, కొంపల్లి రంగు, అవి నేను వెతికి తెచ్చిన వంకలు. నిన్ను సీటు ఎక్కకుండా ఆపడానికి. నేరుగా చెప్పే ధైర్యం లేకపోయింది. ఎందుకు లేకపోయిందో ఇప్పుడు చెప్తాను.

శివరాత్రి తెల్లారి నిప్పులు ఎర్రగా ఉన్నాయి. అందరూ "మల్లన్నా" అని ఉరికారు. నువ్వు నడిచావు. మధ్యలో ఒక క్షణం నిలబడ్డావు కూడా. నేను చేతులు జోడించి ఏడ్చాను. మధ్యాహ్నం ఇంట్లో నీ కాళ్ళకు పసుపు నీళ్ళు పోస్తుంటే కుడి అరికాలు నిండా బొబ్బలు. నొక్కాను. "ఏం తెలుస్తలేదక్కా," అన్నావు. "తెల్వది బిడ్డా, స్వామి పట్టుకున్నడు," అన్నాను. వాకిట్లోకి వచ్చి పదిమందికి చెప్పాను. గుళ్ళో మైకులో చెప్పాను.

నిన్న మా ఆశా వర్కర్ నవ్యశ్రీని అడిగాను, ఎవరిదో కాలు అన్నట్టుగా. ఆ పిల్ల చేతిలో పుస్తకం పక్కన పెట్టింది. "పెద్దమ్మా, చెప్పు జారినా తెలుస్తలేదంటే షుగర్‌తోని నరాలు సచ్చినట్టు. కాలు కాలినా తెల్వది, కుళ్ళినా తెల్వది. ఎవరాయన? రేపే తీస్కరా," అంది. నేను పేరు చెప్పలేకపోయాను.

నిప్పు నిన్ను కాల్చింది. నీకు తెలియలేదు. దాన్ని నేను దయ అన్నాను. నువ్వు నన్ను నమ్మావు. దేవుడి మీద నా నమ్మకం తగ్గలేదు. నా నోటి మీద తగ్గింది.

బ్రేక్ మీద పడాల్సింది అదే కుడికాలు. ఆ బండి నువ్వు తోలొద్దు. నా మాట కాదని తోలినా, బిందును ఎక్కించొద్దు. హారతి పట్టుకుని నేను రాను.

అక్క


మేడ్చల్, ఆసుపత్రి,
జూలై 24.

అక్కా,

మంచం మీద పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నీ ఉత్తరం నాకు ముందే అందింది. చదివాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అది జేబులో ఉండగానే బిందును మడ్‌గార్డ్ మీద ఎక్కించాను. ఇది నువ్వు నన్ను అడగవు. అందుకే నేనే చెప్తున్నాను.

మైసమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాం. ఈదమ్మ, "గొళ్ళెం పెట్టినవా తమ్మీ?" అని అరిచింది. పెట్టాననే అనుకున్నాను. కిందికి చూడటం బిందు కనిపెడుతుందని చూడలేదు. చౌరస్తా దాటినంక ముందు ఆటో ఆగింది. తొక్కాను. రెండూ తొక్కాననే అనుకున్నాను. బండి ఒక్కసారి కుడి పక్కకు గుంజి, రోడ్డు దిగి, చాయ్ బండి వైపు పోయింది. అక్కడ ఇద్దరు నిలబడి తాగుతున్నారు. గ్లాసులు పారేసి ఉరికారు. ముందు ఇసుక కుప్ప ఉండబట్టి ఆగింది. బిందు ఎగిరి ఇసుకలో పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. ఎముక బాగానే ఉందన్నారు. లేచి మొదట నా కాలు వైపే చూసింది. "బాపూ, నీ కాలు ఒక్కదాని మీదనే ఉన్నది," అంది. అప్పుడు చూశాను. నిజమే.

చెప్పులో నెత్తురు చూసింది కూడా తనే. బొటనవేలి సందులో శివరాత్రి బొబ్బ ఒకటి మానలేదక్కా. ఈ మధ్య మేజోడు వేసి దాచాను. వాసన వస్తే ఫ్యాక్టరీ బూట్లదన్నాను.

షుగర్ ఆరేళ్ళ నుంచి ఉంది. సరళకు తెలుసు, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. అగ్నిగుండం తర్వాత గోలీలు బంద్ చేశాను. స్వామి చేతిలో పెట్టినంక గోలీలు వేసుకుంటే నమ్మనట్టు అవుతుందనుకున్నాను. వేసుకొమ్మని సరళ మొత్తుకుంటే నార్మల్‌కు వచ్చిందని చెప్పాను. అయినా లోపల భయం ఉండేది. ఎవరూ లేనప్పుడు గుండుసూదితో గుచ్చి చూసుకునేవాణ్ణి. పడుకునేటప్పుడు మళ్ళీ నీ మాటే తలుచుకునేవాణ్ణి. నువ్వు చెప్పావని నమ్మడం ఒక్కటే కాదు. నాకు నమ్మడం అవసరమైంది.

బొటనవేలు, దాని పక్కది తీసేయాలంటున్నారు. ఆలస్యమైతే పాదం. సంతకం అడుగుతున్నారు. నేను పెట్టలేదు. బండిని మళ్ళీ ఈదమ్మ వాకిట్లోకే చేర్చారు, డబ్బు ఇంకా ఇవ్వకపోయినా నాకోసం ఆపుతానంది. కాలు మానినంక తీసుకుందామా? రెండు నెలలు ఆగితే చాలు కదా?

సరళ ఇవాళ నీ దగ్గరికి వస్తానంది. ఆమె మొహం చూస్తే భయమేస్తున్నది.

పరమేశ్


దేవరయాంజాల్,
జూలై 25, గురువారం.

పరమేశ్,

నిన్న సాయంత్రం దీపాల వేళ అందరం అరుగు మీద కూర్చున్నాం. సరళ, బిందు, నేను, పర్వతాలు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. సరళ చేతికిచ్చి పంపుతున్నాను. చదివేదాకా ఆమె నీ పక్కనే నిలబడుతుంది.

మొదట సరళ నన్ను అడిగింది. "వదినా, మీరు దేవుడన్నరు, గాయిన నమ్మిండు. నేను గోలీలు ఏస్కో అని మొత్తుకుంటే నాది నాస్తికం అయిపాయె. ఇంట్ల నన్ను అడిగినోళ్ళెవరు?" ఆమె ఏడ్చేదాకా ఏడ్చి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఇగ చెప్పుండ్రి," అంది.

వేళ్ళ సంగతి. తీయించాలని నిర్ణయించాం. నువ్వు ఒప్పుకుంటే నీ సంతకం. ఒప్పుకోకపోతే రేపు పొద్దున్నే నేను వచ్చి నీ మంచం దగ్గర కూర్చుంటాను. సంతకం పెట్టేదాకా లేవను. నేను కూర్చుంటే ఎంతసేపు కూర్చుంటానో నీకు తెలుసు.

అగ్నిగుండం సంగతి. అది పర్వతాలు ఎత్తాడు. అతనికి కూడా షుగర్ అట. నీది చూసి, నా మాట విని, వచ్చే శివరాత్రికి దిగుతానని మొక్కుకున్నాడట. "అయితే నేను దిగొద్దా అక్కా?" అన్నాడు. దిగొద్దని అతని చెయ్యి పట్టుకున్నాను. ఇంకా ఎంతమంది మొక్కుకున్నారో తెలియదు. గుళ్ళో మైకులో చెప్పిన మాట గుళ్ళో మైకులోనే వెనక్కి తీసుకోవాలని సరళ అంది. సోమవారం భజన తర్వాత చెప్తాను. ఎవరేమన్నా పడతాను. నీ పేరు చెప్పనా వద్దా అని అడిగాను. చెప్పాలనే అన్నారు. పేరు లేకపోతే ఎవరూ నమ్మరు.

ఇక ట్రాక్టర్. నా అంతట నేను వద్దని అనలేదు. ఆ మాట అనే హక్కు పోగొట్టుకున్నాను. సరళ, "ఆయినకు అదొక్కటే ఆశ. రెండు నెల్లాగి తీసుకుందాం," అంది. పర్వతాలు కూడా సరేనన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బిందు వింటున్నది. "కాలు మానుతది గని, నరాలు మళ్ల వస్తయా అత్తమ్మా?" అంది. రావని నవ్యశ్రీ చెప్పిందన్నాను. "మరి రెండు నెలలైనంక ఏం మారుతది?" అంది.

ఆ మాటతోనే తేలిపోయింది. బండి కొనటం లేదు. రేపు సరళ వెళ్ళి ఈదమ్మకు చెప్తుంది, వేరేవాళ్ళకు ఇచ్చుకోమని. ఈ వానాకాలం ఎకరన్నర పర్వతాలు చేస్తాడు. దున్నించడం అతనిదే, పంట సగం సగం. అర ఎకరం ఆకుకూర మన చేతిలో ఉంటుంది. దానికి పార చాలు. నువ్వు రావాల్సిన ఆదివారాలు నీవే. కట్టలు కట్టే పని, విత్తనం ఏరే పని కూర్చునే చేసేవి. నీకు అది చిన్నతనంగా ఉంటుందని నాకు తెలుసు. ఫ్యాక్టరీ పని పోతే ఏం చేయాలన్నది నిన్న ఎవరికీ తోచలేదు. అది అట్లాగే మిగిలింది. దాచను.

లేచే ముందు నేను బిందును అడిగాను: "మీ బాపు ఒప్పుకోకపోతే?"

అరుగు దిగి చెప్పులు వేసుకుంటూ చెప్పింది: "కోపమైతడు. కానియ్యి. నాతోని మాట్లాడకున్నా మంచిదే. ఆయిన ఒప్పుకోకున్నా గిదే."

సరళ అవునంది. పర్వతాలు అవునన్నాడు. నేనూ అవునన్నాను.

అక్క వజ్రమ్మ